పాన్ ఫ్లోర్ మీద గింజ కట్టిన రోజులు

మొన్న ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల దగ్గర అనూష నన్ను ఆపింది. పటమటలో మా వీధి పిల్లే. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసింది. ఫోన్ తీసి వరసగా మెయిళ్లు చూపించింది. పీహెచ్‌డీకి ఆరు చోట్ల అప్లై చేస్తే ఆరు చోట్లా ఎంతో మర్యాదగా వద్దన్నారు. "ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు ఆంటీ?" అంది. పెద్దదాన్ని కదా, ఏదో ఒకటి చెప్పాలి కదా అని, "దిగులు పడకమ్మా, దేవుడే దారి చూపిస్తాడు" అన్నాను. ఆ పిల్ల తలూపి వెళ్లిపోయింది. ఇంటికొచ్చాక నా మీద నాకే ఒళ్లు మండింది. ఆ వయసులో నాతో ఎవరైనా అలా అనుంటే వాళ్ల ముఖం మళ్లీ చూసేదాన్ని కాదు.

అందుకే ఇది రాస్తున్నాను. చక్కెర ఫ్యాక్టరీ ల్యాబ్‌లో కెమిస్టుగా ముప్ఫై ఏళ్ల పైచిలుకు పనిచేసి రిటైరయ్యాను. ప్రమోషన్ల సంగతి రాయను, అది చదివి ఎవరూ బాగుపడరు. పీహెచ్‌డీ సీటు రాక ఆ పనిలో ఎలా వచ్చి పడ్డానో, మొదటి నాలుగైదు సీజన్లలో ఏం చూశానో మాత్రం రాస్తాను. ఫ్యాక్టరీ పేరు చెప్పను. డెల్టాలో చెరుకు పండే ఊళ్ల మధ్య ఉండేదంటే చాలు.

మూడుసార్లు వద్దన్నారు

మా నాన్నగారు మిషన్ స్కూల్లో టీచరు. నేను డాక్టర్ సుగుణ అనిపించుకోవాలని ఆయనకంటే నాకే ఎక్కువ పిచ్చి. ఎమ్మెస్సీ నోటు పుస్తకాల వెనకట్ట మీద 'డాక్టర్' అని రాసుకుని, ఎవరైనా చూస్తారేమోనని కొట్టేసేదాన్ని. వరసగా మూడేళ్లు దరఖాస్తు పెట్టాను. మూడుసార్లూ ఇంటర్వ్యూ దాకా వెళ్లాను. మూడుసార్లూ పోస్టులో కవరు వచ్చింది. కవరు పల్చగా ఉంటే విప్పకుండానే తెలిసిపోయేది.

అప్పట్లో ఆ బోర్డులో కూర్చున్న వాళ్లందరినీ మనసులో తిట్టుకున్నాను. ఇప్పుడు నిజం ఒప్పుకుంటాను. ఆ మూడుసార్లూ వాళ్లు చేసింది సరైన పనే. "మీరు ఏం తెలుసుకోవాలనుకుంటున్నారు?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఏ ప్రొఫెసరు ఏ టాపిక్ మీద పనిచేస్తున్నారో కనుక్కుని అదే అప్పజెప్పేదాన్ని. నాకు కావాల్సింది పేరు ముందు రెండక్షరాలు. అది నా ముఖం మీదే కనపడి ఉంటుంది.

మూడో కవరు వచ్చాక అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడటానికి భయపడింది. నా కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది మరి. మూడో రోజు నాన్నగారు పేపర్లో చిన్న ప్రకటన చుట్టూ పెన్సిలుతో గీత గీసి నా కంచం పక్కన పెట్టారు. చక్కెర ఫ్యాక్టరీలో సీజనల్ కెమిస్టు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా, చెరుకు ఆడినన్నాళ్లే ఉద్యోగం. ఒక్క సీజన్ చేసి మళ్లీ ఇంటర్వ్యూకి పోదాం అనుకుని చేరాను.

మూడో అంతస్తు

నాకప్పగించిన పని, గంటగంటకీ రసం నమూనా తెచ్చుకుని అందులో ఎంత పంచదార ఉందో చూసి పుస్తకంలో రాయడం. ఆ ల్యాబ్‌లో మొదటి ఆడమనిషిని నేనే కాబట్టి పగటి షిఫ్టే ఇచ్చారు. నాలుగు రోజులకే విసుగు పుట్టింది. నేర్చుకున్న కెమిస్ట్రీ అంతా ఈ చెరుకు రసానికా అని ముఖం మాడ్చుకుని తిరిగేదాన్ని.

మా చీఫ్ కెమిస్టు నరసింహారావు గారు మాటలు పొదుపుగా వాడే మనిషి. ఒకరోజు నా ముఖం చూసి, "పాన్ ఫ్లోర్ చూశావా?" అన్నారు.

"లేదండి."

"చూసి రా. వచ్చాక కావాలంటే రిజైన్ చేద్దువుగాని."

ఇనుప మెట్లెక్కి మూడో అంతస్తుకి వెళ్లాను. అక్కడ ఒక గదంత పెద్ద ఇనుప పాత్రలుంటాయి, వాటినే పాన్‌లంటారు. చిక్కబెట్టిన చెరుకు రసాన్ని వాటిలో ఆవిరితో మరిగిస్తారు. వేడి ముఖానికి కొడుతుంది. పాన్ ముందు తెల్లగడ్డం, మాసిన చొక్కాతో ఒక పెద్దాయన ఎత్తు స్టూలు మీద కూర్చుని ఉన్నారు. ఆయన మస్తాన్ గారు. బందరు మనిషి. పదిహేనేళ్ల వయసులో ఫ్యాక్టరీలో బూడిద ఎత్తే పనికి చేరి, పాన్ నడిపే పాన్‌మేన్ అయ్యారు.

"ల్యాబ్ మేడం గారా? రండి రండి. ఈ పక్కన నిలబడండి, అటు కాలుద్ది" అన్నారు.

పాన్‌కి ఉన్న చిన్న కన్నంలోంచి ఇత్తడి కడ్డీతో ఒక బొట్టు పాకం తీసి గాజు పలక మీద పూసి, కిటికీ వెలుగుకి ఎత్తి నాకు చూపించారు. తేనెలా ఉంది. అందులో ఏమీ లేదు.

"ఏమైనా కనపడుతుందా?"

"లేదండి."

"లేదు కదా. సరే."

మరో బొట్టు బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య పట్టుకుని మెల్లిగా సాగదీశారు. దారంలా సాగింది. తెగింది. మళ్లీ సాగదీశారు. తర్వాత తలవంచి పాన్ మరిగే చప్పుడు కాసేపు విన్నారు. ఉన్నట్టుండి చెయ్యెత్తారు. అసిస్టెంటు ఒక గ్లాసుడు తెల్లటి పాలలాంటిది లోపలికి వదిలాడు. స్పిరిటులో కలిపి మెత్తగా నూరిన పంచదార అది, సీడ్ అంటారు. కాసేపయ్యాక ఇంకో బొట్టు తీసి గాజు మీద పూసి మళ్లీ ఎత్తి పట్టుకున్నారు.

నేను నోరు వెళ్లబెట్టాను. ఇందాక ఏమీ లేని చోట గింజలు. సన్నగా, మెరుస్తూ, అన్నీ ఒకే సైజులో, ఎవరో కొలిచి అతికించినట్టు. భూతద్దం పెట్టి చూస్తే ఒక్కో దానికీ పలకలు, అంచులు, మూలలు. ఎమ్మెస్సీలో స్ఫటికాల బొమ్మలు స్కేలు పెట్టి ఎన్ని గీశానో లెక్కలేదు. ఒక స్ఫటికం పుట్టడం మాత్రం అప్పటిదాకా చూడలేదు.  కళ్లలో నీళ్లు తిరిగాయి, వేడికేనని మస్తాన్ గారితో అబద్ధం చెప్పాను.

"గింజ కట్టింది" అన్నారాయన, అదేదో రోజూ జరిగేదే అన్నట్టు. ఆయనకి రోజూ జరిగేదే.

కిందికి దిగాక నరసింహారావు గారు రిజైన్ సంగతి అడగలేదు. నేనూ ఎత్తలేదు.

నా మీటరు చెప్పింది, నేను విన్నాను

ఇక్కడ కాస్త పని సంగతి చెప్పాలి. ఆ సీడ్ వేసే క్షణమే అసలు కిటుకు. ముందే వేస్తే కరిగిపోతుంది. ఆలస్యమైతే పాకం తనంతట తాను గింజ విసురుతుంది, దుమ్ములాగా, లెక్కలేనంత. దాన్ని ఫాల్స్ గ్రెయిన్ అంటారు. అది వచ్చిందంటే పాన్ అంతా నీళ్లు పోసి కరిగించి మొదటికి రావాలి. ఆ క్షణం ఎప్పుడో చెప్పడానికి మా ల్యాబ్‌లో ఒక మీటరు ఉంది. పాకం ఎంత చిక్కబడిందో అంకె చూపిస్తుంది. పుస్తకంలో ఒక పట్టిక ఉంది. మస్తాన్ గారు రెండింటినీ ఎప్పుడూ చూడగా నేను చూడలేదు.

రెండో సీజన్లో ఒక శుక్రవారం ఆయన నమాజుకి వెళ్లారు. పాన్ మరుగుతోంది. నేను మీటరు పట్టుకుని పైకి వెళ్లాను. అంకె సరిగ్గా పట్టికలో ఉన్నంతే ఉంది. "సీడ్ వెయ్యి" అన్నాను అసిస్టెంటుతో. "మస్తాన్ గారు రానివ్వండి మేడం" అన్నాడతను. "మీటరు అబద్ధం చెప్తుందా?" అని కసిరాను. వేశాడు. గాజు మీద చూస్తే ఏమీ లేదు.  ఇంకో గ్లాసు వేయించాను. ఈలోగా పాకం చిక్కబడుతూనే ఉంది. మళ్లీ చూసేసరికి గాజంతా బూజు పట్టినట్టు తెల్లగా ఉంది. ఫాల్స్ గ్రెయిన్.

మస్తాన్ గారు వచ్చి ఒక్క బొట్టు వేళ్ల మధ్య నలిపి చూశారు. 

"మీటరు సరిగ్గానే చెప్పిందండి" అన్నాను. 

"చెప్పే ఉంటుందమ్మా. మొన్న మిల్లు ఆగి బళ్లన్నీ గేటు బయట రెండు రోజులు నిలబడిపోయినయ్యి కదా. ఎండలో ఎండిన చెరుకు. రసం అలిసిపోయి ఉంటది. ఇంకాస్త ఆగాలి."

రసం అలిసిపోవడం. నా భాషలో చెప్పాలంటే, చెరుకు నిలవ ఉంటే పంచదార కొంత విరిగిపోతుంది, అప్పుడు పట్టికలోని అంకె పనికిరాదు. ఆ సంగతి నాకు తెలుసు. పరీక్షలో అడిగితే పేజీ నిండా రాసేదాన్ని. గేటు బయట నిలబడ్డ బళ్లనూ నేను వస్తూ పోతూ చూశాను. ఆ రెండింటినీ కలపడం మాత్రం నాకు చేతకాలేదు. ఆయన మసీదుకు పోతూ పోతూ కలిపేసుకున్నారు.

పాన్ కరిగించడానికి ఆ పూటంతా పట్టింది. పైన పాన్ ఆగితే కింద మిల్లు ఆగుతుంది, మిల్లు ఆగితే గేటు బయట బళ్ల వరస పెరుగుతుంది. సాయంత్రం ఇంటికి పోతుంటే బళ్ల కింద నీడలో పడుకున్న రైతుల ముఖాలు చూడలేక తల దించుకుని నడిచాను. నరసింహారావు గారు కేకలేస్తారని సిద్ధపడ్డాను. ఆయన రిజిస్టరు నా ముందుకు తోసి, "ఏం జరిగిందో నీ చేత్తోనే రాయి. పేరుతో సహా" అన్నారంతే. ఈ పనిలో చేరే పిల్లలకి చెప్తున్నాను, తప్పుని సొంత చేతిరాతతో రాయించే బాస్ దొరికితే వదులుకోవద్దు.

నాకు ప్రశ్న దొరికింది

ఆ రోజు నుంచి నాకు ఒకటే ధ్యాస. ఈయనకి ఎలా తెలుస్తోంది? పాకం దారం ఎంత సాగుతోంది, ఎక్కడ తెగుతోంది, చప్పుడు ఎప్పుడు మారుతోంది, అప్పుడు నా మీటరు ఏం చెప్తోంది, అన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టాను. ప్రతి గంటా నమూనా చూసి రాయగానే పైకి పరుగెత్తేదాన్ని. ఆయన చెయ్యెత్తిన క్షణం దాదాపు ఎప్పుడూ నా లెక్కకంటే ముందో వెనకో ఉండేది, ఎప్పుడూ ఆయనదే ఒప్పయ్యేది.

ఆ రోజుల్లోనే ఆయన గాజు పలక నా చేతికిచ్చి చూడమనడం మొదలుపెట్టారు.

"చెప్పండమ్మా, ఎట్టా ఉన్నాయి?"

"చిన్నవండి. ఒకే సైజు."

"మధ్యలో ఖాళీ ఉందా? దగ్గరదగ్గరగా ఉన్నాయా?"

"కాస్త దగ్గరగానే ఉన్నాయండి."

"మూలలు పదునుగా ఉన్నాయా, అరిగినట్టున్నాయా?"

నాకు నేర్పిస్తున్నారనుకున్నాను. బొత్తిగా కుదురులేనిదాన్ని, కుదురుగా చూడటం నేర్చుకున్నాను. తప్పు చెప్తే మళ్లీ చూడమనేవారు. అలా ఆ సీజన్ గడిచింది, మరుసటి సీజన్ మొత్తమూ గడిచింది.

అయినా దరఖాస్తు ఫారం తెప్పించుకోవడం మానలేదు. నాలుగో ఇంటర్వ్యూకి ఆగస్టులో వెళ్లాను. బోర్డులో ఒకాయన, "ఫ్యాక్టరీలో ఏం చేస్తున్నారు?" అని అడిగారు. నోటు పుస్తకం కూడా తీసుకెళ్లాను. మస్తాన్ గారి వేళ్ల గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆయన నవ్వి, "అది అనుభవమమ్మా, సైన్సు కాదు" అన్నారు. నోటు పుస్తకం మూసుకుని లేచి వచ్చేశాను. ఆ అనుభవం లోపల ఏం జరుగుతోందో కనుక్కోవడానికే వచ్చానండీ అని బస్సులో కూర్చున్నాక తట్టింది. మొదటి మూడుసార్లు వాళ్లది ఒప్పు అన్నాను. ఈసారి మాత్రం వాళ్లదే తప్పు అని ఇప్పటికీ అంటాను.

నేను పైకి వెళ్లని రోజు

కవరు డిసెంబరులో వచ్చింది, పల్చగా. పొద్దున్నే చదువుకుని డ్యూటీకి వెళ్లాను. ఆ రోజు ఎవరినీ చూడబుద్ధి కాలేదు. పై అంతస్తుకి అసలే పోబుద్ధి కాలేదు. ఆ పాన్ కోసమే నా టైమంతా తగలేసుకున్నానని ఒక పిచ్చి కోపం. మధ్యాహ్నం అసిస్టెంటు వచ్చి, "మస్తాన్ గారు మిమ్మల్ని ఒకసారి రమ్మంటున్నారు" అన్నాడు. పనుందని చెప్పి పంపించేశాను. కాసేపాగి మళ్లీ వచ్చాడు. మళ్లీ పంపించాను.

మూడోసారి అతను పరుగెత్తుకుంటూ వచ్చాడు. పాన్‌లో ఫాల్స్ గ్రెయిన్ వచ్చిందన్నాడు. మస్తాన్ గారి చేతిలో అలా జరగడం ఆ ఫ్యాక్టరీలో ఎవరూ చూడలేదు.

నేను వెళ్లేసరికి ఆయన స్టూలు మీద కూర్చుని ఉన్నారు, చేతిలో గాజు పలక. దాని మీద తెల్లగా దుమ్ము పరుచుకుని ఉంది, పసిపిల్లాడైనా గుర్తుపట్టేంత. నన్ను చూసి అలవాటుగా పలక నా వైపు చాచారు.

"ఎట్టా ఉన్నాయమ్మా?" అన్నారు.

అప్పుడు ఆయన కళ్లలోకి చూశాను. అన్నాళ్లూ పక్కనే నిలబడి ఒక్కసారి కూడా సరిగ్గా చూడలేదు. రెండు కళ్లలోనూ నల్లగుడ్డు మీద బూడిదరంగు పొర.

"మీకు కనపడట్లేదా?" అన్నాను.

అసిస్టెంటు దూరంగా వెళ్లేదాకా ఆయన ఆగారు. "మసగ్గా వెలుగు తెలుస్తదమ్మా. గింజ తెలవదు. మూడో సీజన్ ఇది."

"మరి ఇన్నాళ్లూ..."

"మీరు చెప్పేవాళ్లు కదా."

"అతన్ని అడగొచ్చు కదండీ, ఇవాళైనా?"

"వాణ్ని అడిగితే సాయంత్రానికల్లా గేటు దాకా పాకిపోద్ది. కళ్లు లేనోణ్ని పాన్ ముందు ఎవరు కూర్చోనిస్తారమ్మా?"

 ఆయన నాకు నేర్పించలేదని కాదు, నేర్పించారు. కానీ ఆ ప్రశ్నలన్నీ ఆయన నిజంగా తెలియక అడిగినవి. మధ్యలో ఖాళీ ఉందా అంటే, దగ్గరగా ఉన్నాయని నేనంటే, ఆ మాట పట్టుకుని ఆయన పాన్ నడిపారు. అంత పెద్ద పాత్ర నిండా మరిగే పాకాన్ని, ఒక చిన్న పిల్ల నోటిమాటనీ తన వేలి కొసల్నీ కలిపి, ఒక్కసారి కూడా తప్పకుండా పంచదార చేశారు. మొదటిసారి గింజ కట్టడం చూసినప్పటికంటే ఇప్పుడు నాకు ఎక్కువ ఆశ్చర్యమేసింది. కొంచెం భయం కూడా వేసింది. ఆ మూడు సీజన్లలో ఎన్ని రోజులు నేను పరధ్యానంగా చూసి ఏదో ఒకటి చెప్పి ఉంటానో?

దాచడం నా వల్ల కాలేదు. పాన్ అంటే ఆవిరి, ఒత్తిడి, కింద పనిచేసే మనుషులు. "చీఫ్ గారికి చెప్పాలండి, మీరూ రండి" అన్నాను.  ఆయన చొక్కా దులుపుకుని లేచారు. మెట్ల మీద మొదటిసారి నా మోచెయ్యి పట్టుకున్నారు.

నరసింహారావు గారు అంతా విన్నారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అందుకేనా ఈవిడ ల్యాబ్‌లో నిలవట్లేదు?" అన్నారు. మస్తాన్ గారు తల దించుకున్నారు. "సీజన్ అయ్యేదాకా మీరిద్దరూ కలిసి ఒక పాన్‌మేన్. వాల్వుల దగ్గర అసిస్టెంటు ఉంటాడు, అతనికి నేను చెప్తాను. ఏప్రిల్లో మిల్లు ఆగిన మర్నాడు ఆపరేషను. ఆయన్ని బెజవాడ తీసుకెళ్లే పూచీ నీది" అని తేల్చేశారు చీఫ్ గారు.

సీజన్ మిగతా నాలుగు నెలలూ నేను గాజు పలక ముందు రెప్ప కొట్టలేదంటే నమ్మండి. ఒక్కో గింజా నా మీద బాకీ ఉన్నట్టు చూశాను.

అనూషకి చెప్పాల్సింది

ఇది చదివి, సీటు రాకపోవడమే మేలనుకోవద్దు. అది నిజం కాదు. నాకు మంచి ల్యాబ్, మంచి గురువు, ఐదేళ్ల తీరిక దొరికి ఉంటే ఆ నోటు పుస్తకం ఇంకా ఎంతో దూరం పోయేది. ఆ లోటు నాకుంది. ఇంకో మాట కూడా నిజం. ఏ యూనివర్సిటీలోనూ నాకు ఆ ప్రశ్న దొరికేది కాదు. ఉద్యోగం వెతుక్కునేటప్పుడు డిగ్రీకి తగ్గ కుర్చీ ఎక్కడుందా అని వెతకొద్దు. మనకు అర్థం కాని పనిని మన కళ్లముందే అవలీలగా చేసే మనిషి ఎక్కడున్నారో చూడండి. ఆటోనగర్ షెడ్డులో ఉండొచ్చు, రొయ్యల చెరువు గట్టు మీద ఉండొచ్చు. వాళ్ల పక్కన నిలబడే ఉద్యోగం ఏదైనా సరే, చేరిపోండి. జీతం మొదట్లో తక్కువే ఉంటుంది, ఇంట్లోవాళ్లు సణుగుతారు, చుట్టాల పెళ్లిళ్లలో ముఖం చెల్లదు. అవన్నీ నేనూ పడ్డాను.

మళ్లీ నవంబరు

మస్తాన్ గారికి వేసవిలో ఒక కన్ను, వానలు పడ్డాక ఒక కన్ను ఆపరేషను చేశారు. నవంబరులో చెరుకు ఆడటం మొదలైన రోజు దళసరి కళ్లజోడు పెట్టుకుని పాన్ ఫ్లోర్ ఎక్కారు. వేళ్లతో చూశారు, చప్పుడు విన్నారు, చెయ్యెత్తారు. సీడ్ పడింది. నేను అలవాటుగా చెయ్యి చాచాను. ఆయన పలక ఇవ్వలేదు. తనే కిటికీ దగ్గరికి వెళ్లి వెలుగుకి ఎత్తి పట్టుకున్నారు.

చాలాసేపు చూశారు. అటు తిప్పి చూశారు, ఇటు తిప్పి చూశారు.  అన్నాళ్లూ నేను చూసి చెప్పిందంతా ఆయన ఇప్పుడు తన కళ్లతో సరిచూసుకుంటున్నారు. ఒకే సైజు అన్నాను. మూలలు పదునుగా ఉన్నాయన్నాను. నిజంగా ఉన్నదే చెప్పానా, ఆయనకి నచ్చేది చెప్పానా? ఏ ఇంటర్వ్యూ బోర్డు మాట కోసమూ నేను అంతలా ఎదురుచూడలేదు.

ఆయన పలక దించి నా వైపు తిరిగారు.

"నువ్వు చెప్పినట్టే ఉన్నాయమ్మా" అన్నారు.

ఆ ఏడాది నేను దరఖాస్తు ఫారం తెప్పించుకోలేదు.